ఒక్క లైటు చాలదా? బండి హ్యాండ్‌గార్డు దాకా వచ్చిన వెలుగు కథ

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న విషయాన్ని, డ్యూటీలో ఉండి వినడానికి వీలు కానివాళ్ల కోసం ఇక్కడ రాతలో పెడుతున్నాం. విషయం చిన్నదే. బండి హ్యాండిల్‌కి అటూ ఇటూ ఉండే హ్యాండ్‌గార్డుల్లో ఎల్‌ఈడీ లైట్లు పెట్టుకుంటే నిజంగా లాభం ఉందా, లేక అదంతా షోకేనా? జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు మనం ఉన్న చోటు సంగతి చూద్దాం. జెబెల్ అలీ పోర్టును 1979లో బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ వచ్చి ప్రారంభించింది. 1985లో దాని పక్కన ఫ్రీ జోన్ వచ్చింది. అంటే ఇక్కడి రోడ్లు పెరిగిందే కంటైనర్ల కోసం, ట్రెయిలర్ల కోసం. డెలివరీ బండి ఈ రోడ్డు మీదికి చాలా ఆలస్యంగా వచ్చిన చుట్టం. కరీంనగర్ నుంచో, నిజామాబాద్ నుంచో, కోనసీమ నుంచో వచ్చిన మన తమ్ముడు నూట యాభై సీసీ బండి మీద, నలభై అడుగుల కంటైనర్ పక్కన పోతుంటాడు. ఆ ట్రెయిలర్ డ్రైవర్ అద్దంలో అతనొక చుక్క.

ఆ చుక్క ఎందుకు కనబడదు? ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్న మొదటివాళ్లలో హ్యారీ హర్ట్ ఒకడు. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మనిషి. ఆయన బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలు జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. 1981లో రిపోర్టు వచ్చింది. ఇంకో వాహనంతో గుద్దుకున్న కేసుల్లో మూడింట రెండు వంతులు, దారి ఇవ్వాల్సిన ఎదుటి వాహనం ఇవ్వకపోవడం వల్లే జరిగాయని తేలింది. ఎదుటివాళ్లు బండిని గమనించకపోవడమే అందులో ముఖ్య కారణం. యాక్సిడెంట్ అయితే చాలు, "బైకోడు స్పీడుగా వచ్చుంటాడు" అని ముందే తీర్పు చెప్పేస్తారు చూడండి, అలాంటివాళ్లకు ఈ లెక్క వినిపించాలి.

దీనికి దొరికిన మొదటి మందు పగలు కూడా లైటు వేసి ఉంచడం. కాలిఫోర్నియాలో 1978 నుంచి తయారైన బండ్లకు, ఇంజను స్టార్ట్ కాగానే హెడ్‌లైటు దానంతటదే వెలగాలని చట్టం పెట్టారు. మలేసియా 1992లో బండ్లన్నీ పగలు కూడా లైటు వేసుకోవాలంది. ఆ తర్వాత రాదిన్ ఉమర్ అనే పరిశోధకుడు లెక్క తీస్తే, బండి కనబడక జరిగే ప్రమాదాలు దాదాపు 29 శాతం తగ్గాయి. యూరప్‌లో 2003 నుంచి కొత్త బండ్లు ఇలాగే రావడం మొదలైంది. మన ఇండియాలో 2017 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేశారు. అప్పుడు మన ఊళ్లలో ఏమైందో గుర్తుందా? ఎదురొచ్చిన ప్రతివాడూ చేతివేళ్లు మూసి తెరుస్తూ "లైటు వెలుగుతోంది బాబూ" అని సైగ చేసేవాడు. అంటే కనబడిందన్నమాటేగా! చట్టం అనుకున్న పని అయింది.

మరి అంతటితో సమస్య తీరిందా? తీరలేదు. కనబడటం వేరు, అంచనాకు అందడం వేరు.

రోడ్డుకు అడ్డంగా తిరగబోయే కారు డ్రైవర్‌ని తీసుకోండి. ఇండియాలో అది కుడి మలుపు, ఇక్కడ ఎడమ మలుపు. బండి వస్తోందని అతనికి తెలిస్తే చాలదు. ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా వస్తోంది అనేది కూడా తెలియాలి. మన కన్ను దాన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. ఎదురొచ్చే వస్తువు కంట్లో ఎంత త్వరగా పెద్దదవుతోందో చూసి అంచనా కడుతుంది. కారుకి రెండు లైట్లు. దగ్గరికొచ్చేకొద్దీ వాటి మధ్య ఎడం పెరుగుతుంది. బండికి ఉన్నది ఒక్క లైటు. చీకట్లో బండి ఆకారం కనబడదు కాబట్టి, చాలా దగ్గరికి వచ్చేదాకా ఆ చుక్క చుక్కలాగే ఉంటుంది. అందుకే "ఇంకా దూరంలో ఉందిలే" అని తిప్పేస్తాడు.

ఇది ఊహ కాదు. బ్రిటన్‌లో 2005లో హార్స్‌విల్, తోటి పరిశోధకులు చేసిన ప్రయోగంలో, ఒకే సమయానికి చేరుకునే కారూ బైకూ చూపిస్తే, బైకు ఆలస్యంగా వస్తుందని జనం అనుకున్నారు. 2012లో లండన్ దగ్గరి రాయల్ హాలోవే కాలేజీలో ఇంకో మెట్టు ఎక్కారు. ఒక్క హెడ్‌లైటు ఉన్న బైకు వేగాన్ని చీకటి పడేకొద్దీ జనం మరీ తప్పుగా అంచనా వేశారు. అదే బైకుకు పెద్ద లైటుతో పాటు ఇంకో రెండు లైట్లు ఎడంగా పెట్టి చూపిస్తే అంచనా మెరుగుపడింది. అసలు కిటుకు లైటు ఎంత మంట పెడుతోంది అన్నదాంట్లో లేదు, లైట్ల మధ్య ఎడంలో ఉంది.

ఇప్పుడు హ్యాండ్‌గార్డు దగ్గరికి వద్దాం. అడవి దారుల్లో, బురద పందేల్లో బండి నడిపేవాళ్ల వేళ్లకు కొమ్మలు, రాళ్లు తగలకుండా వచ్చిన సామాను ఇది. తర్వాత చలిగాలిని ఆపడానికి మామూలు బండ్లకూ ఎక్కింది. అద్దాలు పక్కన పెడితే, ముందు నుంచి చూసినప్పుడు బండిలో దాదాపు అన్నిటికన్నా వెడల్పైన చోటు అదే. రెండు లైట్లను వీలైనంత ఎడంగా పెట్టాలంటే అంతకన్నా మంచి చోటు లేదు.

మరి పాతకాలంలో ఎందుకు పెట్టలేదు? మన నాన్నల రాజ్‌దూత్ గుర్తు తెచ్చుకోండి. రేజ్ చేస్తే లైటు పెరిగేది, వదిలేస్తే మిణుకు మిణుకుమనేది. ఉన్న ఒక్క బల్బుకే కరెంటు చాలని రోజులు అవి. పైగా తీగ బల్బు వేడెక్కుతుంది, హ్యాండిల్ అదురుకు తీగ తెగిపోతుంది. ఎల్‌ఈడీకి తెగిపోయే తీగ లేదు. 1962లో నిక్ హోలోన్యాక్ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఎర్ర ఎల్‌ఈడీ చేశాడు. తెల్ల వెలుగు కావాలంటే నీలం రావాలి, దానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. జపాన్‌లో అకసాకి, అమానో ఒకవైపు, నిచియా కంపెనీలో నకమురా ఇంకోవైపు కష్టపడ్డారు. 1993లో బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ వచ్చింది. ఆ ముగ్గురికీ 2014లో నోబెల్ ఇచ్చారు. నీలం ఎల్‌ఈడీ మీద పసుపు పూత పూస్తే తెల్ల వెలుగు. మన చేతి దగ్గర లైటు పెట్టే వీలు అలా వచ్చింది.

వైరింగ్ సంగతి. చెరో ఐదు వాట్ల లైట్లు రెండు పెడితే, 12 వోల్టుల బండిలో ఒక ఆంపియర్ కూడా తాగవు. అయినా బ్యాటరీ పక్కనే చిన్న ఫ్యూజు ఉండాలి. కీ తిప్పితేనే కరెంటు వచ్చేలా కలపాలి, లేకపోతే పొద్దున్నకి బ్యాటరీ ఖాళీ. హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి, వైరు లాగకుండా, యాక్సిలరేటర్‌కి, బ్రేక్ లివర్‌కి తగలకుండా వదులుగా కట్టాలి. ఈ వేడికి టేపు జిగురు కారిపోతుంది, ష్రింక్ ట్యూబ్ మేలు. లైటు కాస్త కిందికి చూడాలి. ఎదుటివాడి కళ్లు చెదిరితే మన అంచనా వాడికి అసలే అందదు.

అన్నిటికన్నా ముందు అనుమతి. బండి ముల్కియా కంపెనీ పేరు మీద ఉంటుంది. అడగకుండా లైట్లు కలిపితే పాసింగ్‌లో ఆగిపోవచ్చు, ఫైన్ పడొచ్చు. ఎరుపు, నీలం మెరుపు లైట్ల జోలికి అసలు పోవద్దు, అవి పోలీసులవి, అంబులెన్సులవి. సూపర్‌వైజర్‌ని అడగండి. పని బండికి పెట్టే సేఫ్టీ సామాను ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలని అడగడంలో తప్పేమీ లేదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. 2008 మార్చి 11న, జెబెల్ అలీ దాటి అబుదాబి వైపు పోయే దారిలో ఘంతూత్ దగ్గర పొగమంచులో దాదాపు 200 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. వాటిలో చాలా వాటికి రెండేసి హెడ్‌లైట్లు ఉన్నవే. దట్టమైన మంచులో ఏ లైటూ కాపాడదు. అలాంటి పొద్దున ఆర్డర్ లేటైనా ఫరవాలేదు, బండి పక్కన ఆపండి.

మంచు లేని రోజుల్లో మాత్రం ఎడంగా ఉన్న రెండు లైట్లు పనికొస్తాయి. పెట్టించాక ఒక చిన్న పరీక్ష చేయండి. చీకటి పడ్డాక, ట్రాఫిక్ లేని క్యాంపు పార్కింగులో రూమ్మేట్‌ని దూరంగా నిలబెట్టి, మెల్లగా అతని వైపు రండి. "ఏం కనబడుతోంది?" అని అడక్కండి. "ఎంత దూరంలో ఉన్నాను?" అని అడగండి. అతను సరిగ్గా చెప్పగలిగితే, మీ లైట్లు పని చేస్తున్నట్టే.