ఎల్లమ్మ కథ ఎవరిది?

నాయికాప్రధానమైన టీవీ ధారావాహికలను స్వలింగప్రియులైన పురుషులు ఎందుకంతగా అభిమానిస్తారు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలో తెలుగు బోధించిన నాకు ఎల్లమ్మ కథే సమాధానంగా తోస్తుంది.

ఎల్లమ్మ గృహిణి. భర్త జమదగ్ని శంకించాడు. తండ్రి ఆనతిపై పరశురాముడు తల్లి శిరస్సు ఖండించాడు. ఆమె మళ్ళీ బ్రతికి దేవత అయింది. ఈ కథలో మగవారికి దక్కినవి తీర్పరి, తలారి పాత్రలే. ఇంటివారి చేత దండన పొందినవాడు తనను ఎల్లమ్మలోనే కదా చూసుకుంటాడు! ఒగ్గుకథలో చీర కట్టి ఆమెను అభినయించేదీ పురుషుడే.

వేములవాడలో శ్రీరామనవమినాడు శివసత్తులు, హిజ్రాలు రాజన్నను వరించి తలంబ్రాలు పోసుకుంటారు. వీరందరినీ ఒకే గాటన కట్టరాదు. ఆశ్రయం మాత్రం ఒక్కటే.

పరస్పర సమ్మతి గల స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పిచ్చింది. మన ఇళ్ళలోని జమదగ్నులే ఇంకా తీర్పు మార్చుకోవాలి.