మరణస్పృహ - ధర్మకార్యం: నల్లగొండ, పాలమూరు కాకతీయయుగ శాసనాల సాక్ష్యం

మరణచింతన అనగానే తెలుగు సాహిత్య విద్యార్థికి ముందుగా స్ఫురించేవి వైరాగ్య శతకాలు, తత్త్వాలు. దేహం అశాశ్వతం కనుక సంసారంపై మమకారం విడువవలెననేది వాటి సారం. అయితే ఆ అశాశ్వతత్వ భావనే మరొక దారిలోనూ నడిచింది. దేహం నిలవదు కనుక నిలిచేదేదో చేసి పోవలెననేది ఆ దారి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల దానశాసనాలు ఈ రెండవ దారికి బలమైన ఆధారాలు. వాటిలో కొన్నింటిని ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

నల్లగొండ జిల్లా నకిరేకల్ సమీపంలోని చందుపట్ల శాసనం శక సం. 1211, అంటే క్రీ.శ. 1289 నవంబరు నాటిది. ఇది వెలుగులోకి రాకముందు రుద్రమదేవి 1295 ప్రాంతం వరకు పాలించిందని చరిత్రకారులు భావించేవారు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరిన సందర్భంలో, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు సోమనాథదేవరకు భూమిని దానం చేశాడని ఈ శాసనం తెలుపుతున్నది. కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులో ఆమె మరణించి ఉంటుందని పరిశోధకుల ఊహ. శాసనం మాత్రం మరణ విధానాన్ని చెప్పదు. కాలనిర్ణయానికి దీని విలువ అందరూ గుర్తించినదే. దాత ఎవరన్నది కూడా అంతే గమనించదగిన విషయం. మహారాజ్ఞి మరణానికి ఇక్కడ సాక్షి రక్తబంధువు కాదు, సామంతుడూ కాదు, ఒక సేవకుడు. అతని దుఃఖం విలాపంగా గాక భూదానంగా శిలకెక్కింది.

పాలమూరు సీమలో వర్ధమానపురం, అంటే నేటి నందివడ్డెమాన్, కేంద్రంగా పాలించిన గోన వంశం ఇదే భావనను వేర్వేరు రూపాల్లో ఆచరించింది. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణాన్ని తన తండ్రి విఠలుని పేర వెలయించినట్లు ఆ కావ్యమే చెప్పుకొంటున్నది. గ్రంథ కర్తృత్వంపై వాదాలున్నా తండ్రి పేరు కావ్యంలో నిలపాలన్న సంకల్పం స్పష్టం. బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక తన భర్త మల్యాల గుండ దండాధీశుడు మరణించిన తరువాత అతని పేర గుండేశ్వరాలయం నిర్మించింది. 1276 నాటి బూదపురం (నేటి భూత్పూర్) శాసనం ఇందుకు ఆధారం. తండ్రికి కావ్యం, భర్తకు ఆలయం: ఒకే కుటుంబంలో రెండు తరాలవారు పోయినవారి పేరును నలుగురూ పాలుపంచుకొనే వస్తువుగా మార్చారు.

ఈ ఆచరణకు శాస్త్రసమ్మతమైన పేరు సప్తసంతానం. తనయుడు, తటాకం, దేవాలయం, అగ్రహారం, వనం, నిధి, కృతి అనే ఏడింటినీ సంతానంగా పరిగణించడంలో లోతైన ఆలోచన ఉంది. మనిషి మరణించిన తరువాత కూడా అతని పక్షాన పనిచేసేదే సంతానం. వర్షాధారమైన ఈ మెట్టసీమలో వీటిలో తటాకానికి ఉన్న ప్రాధాన్యం వేరే చెప్పనక్కరలేదు. పానగల్లులో కందూరు చోడుల ఉదయాదిత్యుని పేరు మోస్తున్న ఉదయసముద్రం నేటికీ నీటి నిల్వకు ఉపయోగపడుతూనే ఉంది. చెరువు తవ్వగానే పుణ్యం పూర్తికాదు. కట్ట తెగితే పూడ్చాలి, తూము చెడితే బాగుచేయాలి, పూడిక తీయాలి. అందుకే తవ్వించినవారికీ, మరమ్మతు చేసినవారికీ దశబంధ మాన్యం ఏర్పడింది. కర్త లేని కాలంలో ఆ పని ఎవరు కొనసాగిస్తారన్న ప్రశ్నకు అది సమాధానం.

మరణాన్ని ముందుగానే తలచి చేసిన పనులూ ఉన్నాయి. పిల్లలమర్రిలో రేచెర్ల నామిరెడ్డి 1202లో నామేశ్వరాలయాన్ని, బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో ఎరకేశ్వరాలయాన్ని ప్రతిష్ఠించారు. ఇక్కడ బ్రతికి ఉన్నవారే తమ పేరును దేవుని పేరుతో కలిపారు. దీనిలో కీర్తికాంక్ష లేదనలేము. భూమి, అధికారం ఉన్నవారికే ఈ అమరత్వం అందుబాటులో ఉండెననీ, కట్ట మోసిన కూలీల పేర్లు ఏ శిలపైనా లేవనీ మరువరాదు. పువ్వుల ముమ్మడి వంటి సేవకుని పేరు మిగలడం ఆ కారణంగానే విశేషం.

దాతల మరణస్పృహ అత్యంత స్పష్టంగా కనిపించేది శాసనాంతంలోని ఫలశ్రుతిలో, శాపవాక్యాల్లో. పరిశోధకులు వీటిని రూఢి పాఠాలుగా దాటిపోవడం పరిపాటి. తాను ఇచ్చినదాని కన్న ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడడం మిన్న అనీ, హరించినవారికి నరకం తప్పదనీ చెప్పే ఈ వాక్యాలు ఎవరిని ఉద్దేశించినవి? ఇంకా పుట్టని రాజులను, దాతను ఎరుగని గ్రామస్థులను. అంటే దాత తాను లేని లోకాన్ని ఊహించుకొని, అందులోని అపరిచితులను వేడుకొంటున్నాడు, బెదిరిస్తున్నాడు. తన మరణాన్ని ఇంత వాస్తవంగా అంగీకరించిన వాక్యాలు వైరాగ్య సాహిత్యంలోనూ అరుదు.

కనుక ఈ శాసనాలను రాజకీయ చరిత్రకు తేదీలు అందించే ఆకరాలుగా మాత్రమే చదవడం చాలదు. మరణం తప్పదన్న ఎరుక మనిషిని లోకం నుండి తప్పించడమే గాక, తనకు తెలియని తరాలకు బాధ్యుణ్ణి చేయగలదని ఇవి నిరూపిస్తున్నాయి. ఆ బాధ్యతలో సగం దాతది, మిగిలిన సగం శాసనం చదివేవారిది.