వానకు ముందు ఇల్లు

మన చరిత్ర అనగానే 1940లో జోడేఘాట్‌లో అమరుడైన కుమ్రం భీం గుర్తొస్తాడు. ఆ పోరాటానికీ ఇంటి కప్పుకీ సంబంధం ఉందంటే మా హాస్టల్ పిల్లలు నవ్వుతారు.

మన పాత ఇల్లు ఏటా బాగుచేసుకుంటేనే నిలిచేది. పంట ఇంటికి చేరాక ఎండిన గడ్డి కోసి మోపులు కట్టి దాచేవారు. తొలకరికి ముందే కుళ్లిన గడ్డి దించి కొత్తది కప్పేవారు. చెదపట్టిన వాసాలు మార్చేవారు. తడక గోడల పగుళ్లకు మట్టి, పేడ కలిపి మెత్తేవారు. ఒకరి ఇల్లు కప్పుతుంటే ఊరంతా చేయి వేసేది. పొయ్యి పొగ కూడా కప్పుకు పురుగు పట్టకుండా కాపాడేది. ఆ పొగకు ఆడవాళ్ల కళ్లు మండేవి, అది వేరే మాట.

గడ్డి, వాసం, వెదురు అన్నీ అడవివే. నిజాం పాలనలో అడవులను రిజర్వు చేశాక వాటికోసం వెళ్తే జంగ్లాత్ వాళ్లు అడ్డుకునేవారు. జల్, జంగల్, జమీన్ అన్న మాటలో మన ఇంటి వాసం కూడా ఉంది. వెదురు వంటి చిన్నతరహా అటవీ ఫలసాయంపై మన హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది.

ఇప్పుడు చాలామందివి స్లాబు ఇళ్లు. వాటికి ఏటా పని ఉండదనుకుంటాం. మా అమ్మ ఇంటిమీద ఆకులు రాలి నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయింది. నీళ్లు నిలిచి, స్లాబు చెమ్మగిల్లి లోపల పెచ్చులూడాయి.

"గడ్డి ఇల్లయితే ఎండాకాలంలనే ఎక్కి చూస్తుంటిమి గదా బిడ్డా, దీన్నెందుకు చూడలే?" అని అడిగింది అమ్మ.

ఈ ఏడు మే నెలలో నేనే నిచ్చెన వేసుకుని ఎక్కాను.