కొత్త కోడలికి రెండేళ్ల ఆంక్ష

మేం వర్జీనియా వచ్చిన కొత్తలో శనివారాలు మావాడు టీవీ ముందు కేకలు పెడుతుంటే, అమెరికన్ ఫుట్‌బాల్‌లో తలేదో తోకేదో నాకు తెలిసేది కాదు. ఇప్పటికీ సగమే తెలుసు. అయితే 2023 నవంబరులో ఒకరోజు వాడు కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ఏమైందిరా అంటే, "అన్నీ గెలిచినా బౌల్ ఆడనివ్వరటమ్మా" అన్నాడు.

బౌల్ అంటే సీజన్ చివర, క్రిస్మస్ రోజుల్లో జరిగే పండగ మ్యాచ్. 12 ఆటల్లో 6 గెలిస్తే సాధారణంగా అర్హత వస్తుంది. మావాడు బాధపడుతున్నది హారిసన్‌బర్గ్‌లోని జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ జట్టు గురించి. వాడి స్నేహితులు కొందరు అక్కడే చదువుతున్నారు. అప్పటికి వరసగా 10 గెలిచారు, ఒక్కటీ ఓడలేదు.

ఆ కాలేజీ చరిత్ర చదివితే నాకు ముచ్చటేసింది. 1908లో ఆడపిల్లల కోసం, టీచర్లను తయారుచేయడానికి పెట్టిన బడి అది. ఫుట్‌బాల్ జట్టు 1972లో గానీ రాలేదు. కింది స్థాయిలో 2004లో, 2016లో జాతీయ విజేతలయ్యారు. 2022లో పై స్థాయికి, సన్ బెల్ట్ అనే కూటమిలోకి మారారు. చిక్కంతా అక్కడే.

పైకి మారిన జట్టు రెండేళ్లపాటు బౌల్‌కి అర్హం కాదని కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ నియమం. టీవీ డబ్బు చూసి ఎవరుపడితే వాళ్లు ఎగబడకూడదని దాని ఉద్దేశం. అప్పట్లో కింద 63 స్కాలర్‌షిప్‌లు చాలేవి, పైన 85 దాకా ఇవ్వాల్సి వచ్చేది. ఖర్చు తట్టుకోలేని కాలేజీ మధ్యలో కూలబడితే నష్టపోయేది పిల్లలే. అంతవరకు న్యాయమే అనిపించింది. 5 వేల డాలర్లున్న దరఖాస్తు రుసుమును 2023లో ఏకంగా 50 లక్షల డాలర్లు చేశారు కూడా! మరి అంత గట్టి గడప కట్టాక, దాటి వచ్చిన వాళ్లను మళ్లీ వాకిట్లో నిలబెట్టడం దేనికి? కొత్త కోడలు వంటంతా చేసి వడ్డించాలి, పంక్తిలో మాత్రం కూర్చోకూడదన్నట్టుంది.

2022లోనే ఒక దెబ్బ తగిలింది. చివరి ఆటలో కోస్టల్ కరోలినాను 47-7తో చిత్తు చేశారు. అయినా కూటమి ఫైనల్‌కి వెళ్లింది ఆ ఓడిన జట్టే.

2023లో మినహాయింపు అడిగారు. వర్జీనియా అటార్నీ జనరల్ కోర్టుకెక్కుతామని హెచ్చరించారు. నవంబరు 15న కుదరదనేశారు. మూడు రోజులకే సొంత మైదానంలో అపలాచియన్ స్టేట్ చేతిలో 26-23తో ఓడారు. మనసు విరిగిన పిల్లలు ఎంతని ఆడతారు, అనుకున్నాన్నేను. చివరి ఏడాది కుర్రాళ్ల మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. వచ్చే ఏడాది వస్తుందిలే అని వాళ్లతో అనలేం కదా.

చివరికి దారి చూపింది వాళ్ల గెలుపు కాదు, ఇతరుల ఓటమి. మొత్తం 82 చోట్లుంటే అర్హులు 79 మందే తేలారు. విస్తళ్లు మిగిలాయి. అలాంటప్పుడు 6 గెలిచిన కొత్త జట్లకు పిలుపు వస్తుందట. ఈలోగా కోచ్ కర్ట్ సిగ్నెట్టి ఇండియానాకు వెళ్లిపోయారు. డిసెంబరు 23న టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఎయిర్ ఫోర్స్ జట్టుతో ఆడి, 31-21తో ఓడిపోయారు.

ఓడినా మావాడు ఆ రాత్రి పప్పుచారు రెండుసార్లు కలుపుకున్నాడు.