గడ్డను కరిగించే మందు: అది పుట్టిన కథ

మనలో ఏ ఇద్దరు కలిసినా డి.ఏ. బకాయిల సంగతి అయిపోగానే మాట గుండెజబ్బు మీదికి మళ్ళుతుంది. "సూది వేసి గడ్డ కరిగించినారంట" అని చెప్పుకుంటాము. ఆ సూదిమందు ఎక్కడిదో తెలుసుకోవాలన్న కోరిక నాకు ఒక మిత్రుని మరణంతో కలిగింది.

ఆయన నాతో పనిచేసినవారు, కాపురం జమ్మలమడుగులో. 1989లో ఒకనాటి తెల్లవారుజామున ఛాతీలో నొప్పి వస్తే గ్యాసు అనుకొని సోడా తాగి పడుకున్నారు. మధ్యాహ్నం కడపకు బయలుదేరిన బస్సు ప్రొద్దుటూరు చేరేసరికే ప్రాణం పోయింది. సోడా తెచ్చి ఇచ్చింది తానేనని వదినగారు చాలాకాలం కుమిలిపోయారు.

అప్పటికి ఆ మందు అమెరికాలో అనుమతి పొంది రెండేళ్ళు.

గడ్డను కరిగించే శక్తి మన రక్తంలోనే ఉంది. ప్లాస్మినోజెన్ అనే ప్రోటీను రక్తంలో నిద్రావస్థలో తిరుగుతూ ఉంటుంది. దానిని మేల్కొలిపితే ప్లాస్మిన్‌గా మారి, గడ్డను పట్టి ఉంచే ఫైబ్రిన్ పోగులను తెంచివేస్తుంది. మేల్కొలిపేది ఏది అన్నదే ప్రశ్న. 1933లో అమెరికాలో టిల్లెట్, గార్నర్ అనేవారు స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవులలో అటువంటి పదార్థం కనుగొన్నారు. అదే తరువాత స్ట్రెప్టోకైనేజ్ అయింది. మనిషి మూత్రంలో దొరికినదానికి 1952లో యూరోకైనేజ్ అని పేరు పెట్టారు. మూత్రం నుంచి ప్రాణరక్షక ఔషధమా అని నవ్వకండి, దానికోసం పీపాలకు పీపాలు సేకరించారు!

శరీర కణజాలంలోనే ఇటువంటి పదార్థం ఉన్నదని 1947లో కోపెన్‌హాగన్‌లో ఆస్ట్రప్, పెర్మిన్ చూపారు. దానిని శుద్ధి చేయడమే కష్టమైంది. 1979లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు రైకెన్, ఆయన సహచరులు ఆపరేషన్లలో తీసివేసిన స్త్రీల గర్భసంచులను ఎన్నుకున్నారు. ఆ కణజాలాన్ని అసిటోన్‌తో శుభ్రపరచి, ఆమ్ల ద్రావణంలో సారం తీసి, లవణంతో పేరబెట్టి, ఒకదాని తరువాత ఒకటిగా వడపోత గొట్టాల గుండా పంపారు. ఇంతా చేస్తే 5 కిలోల కణజాలానికి దొరికింది సుమారు 1 మిల్లీగ్రాము. గుండెపోటు రోగి ఒక్కరికి ఇచ్చేది 100 మిల్లీగ్రాములు. అంటే ఒక్క ప్రాణానికి 500 కిలోలు! లెక్కల శాఖలో పనిచేసినవాణ్ణి కనుక ఈ లెక్క నన్ను వదలలేదు.

తరువాత రైకెన్, బెల్జియంలోని కొలెన్ కలిసి మెలనోమా అనే చర్మపు క్యాన్సర్ కణాలను గాజుపాత్రలలో పెంచి ఎక్కువ మందు రాబట్టారు. 1981లో దానిని మొదటిసారి రోగికి ఇచ్చారు. మరి కొద్దికాలానికే జెనెన్‌టెక్ కంపెనీవారు దాని జన్యువును పట్టుకొని ఎలుకజాతికి చెందిన హామ్‌స్టర్ కణాలలో పెట్టి తయారుచేయించారు. 1987 నవంబరులో అనుమతి వచ్చింది. కణజాలం కోసం వెదకులాట అంతటితో తీరింది.

ఖరీదు మాత్రం తీరలేదు. అందుకే మన దేశంలో చాలాకాలం స్ట్రెప్టోకైనేజే పేదవాడి మందు. ఇటలీలో 11 వేల మందికి పైగా రోగులపై జరిపి 1986లో ప్రకటించిన పరీక్షలో మొదటి గంటలోనే దానిని పొందినవారిలో మరణాలు దాదాపు సగం తగ్గాయి. జన్యు విధానంలో దానిని హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, భారత్ బయోటెక్ సంస్థలు కూడా తయారుచేశాయి. కణజాలపు మందుకే మార్పులు చేసిన టెనెక్టెప్లేస్‌ను ఒక్క సూదిగా వేస్తే చాలు. 2023లో మన రాష్ట్రం మొదలుపెట్టిన గుండెపోటు పథకంలో దానిని ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు జరిగింది.

ప్రొద్దుటూరు నుంచి కడప యాభై కిలోమీటర్ల పైచిలుకు, పులివెందుల, జమ్మలమడుగుల నుంచి ఇంకా ఎక్కువ. ఈ మందు అందరికీ పనికిరాదు. మెదడులో రక్తస్రావమైనవారికి, ఈమధ్యనే పెద్ద ఆపరేషన్ అయినవారికి ప్రమాదం. ఇ.సి.జి. చూసి డాక్టరే నిర్ణయించాలి. ఛాతీలో బరువు అనిపిస్తే 108కి ఫోను చేసి, నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. ఆసుపత్రిలో మొదట అడిగే ప్రశ్నలలో అదొకటి.