ప్రాచీన క్రైస్తవ దేవాలయ గానము: ఎనిమిది మార్గములు

గాలిలో పుట్టిన పాట గాలిలోనే కలసిపోవును. ఏడవ శతాబ్దమున సెవిల్ నగరపు బిషప్పు ఇసిడోరు, నాదమును వ్రాయుట అసాధ్యమనియు, మనుజుడు జ్ఞప్తియందు నిలుపుకొననిచో అది నశించుననియు తలచెను. అట్టి గానమొకటి శతాబ్దముల తరబడి నిలిచి, చెడి, మరల బ్రతికిన వృత్తాంతము పశ్చిమ ఐరోపా చరిత్రయందు కలదు.

అది లాటిను ఆరాధనకు చెందిన గ్రెగోరియన్ గానము. 590 నుండి 604 వఱకు పోపుగా నుండిన మొదటి గ్రెగరీ పేర ప్రసిద్ధమైనను, ఎనిమిది తొమ్మిది శతాబ్దములలో ఫ్రాంకు రాజ్యమున, రోము సంప్రదాయము నాధారము చేసికొని రూపొందినదని చరిత్రకారుల యభిప్రాయము. బైజాంటియము పద్ధతి ననుసరించి పండితులు దీనిని ఎనిమిది మార్గములుగ విభజించిరి. పాశ్చాత్యుల రే, మీ, ఫా, సోల్ అను నాలుగింటిలో నొకటి న్యాసస్వరము. అనగా పాట తుదకు వచ్చి విశ్రమించు స్థానము. పాట ముఖ్యముగ న్యాసమునకు పైన సంచరించిన ప్రధానమార్గము. క్రిందికిని దిగి సంచరించిన ఉపమార్గము. ఇట్లు నాలుగు రెండ్లు ఎనిమిది. స్వరస్థానములను బట్టి చూచినచో ఈ నాలుగు పంక్తులు వరుసగ మన ఖరహరప్రియ, హనుమత్తోడి, మేచకల్యాణి, హరికాంభోజి మేళములతో సరిపోవును. పోలిక అంతవఱకే, మన గమకములు అచట లేవు.

డోరియన్, ఫ్రిజియన్ మున్నగు పేళ్లు గ్రీకులవి. మధ్యయుగ పండితులు బొయీథియస్ గ్రంథమును పొరపాటుగ గ్రహించి, వానిని వేరు పంక్తులకు తగిలించిరి. పొరపాటు పేరే శాశ్వతమైనది.

తొలినాటి సంకేతములు పాట యెత్తుపల్లములను సూచించెనే కాని స్వరమును నిశ్చయింపలేదు. పదునొకండవ శతాబ్దమున అరెట్సో నగరమున నుండిన గీడో అను సన్న్యాసి, గీతలపై స్వరములను నిలుపు పద్ధతిని స్థిరపఱచెను. పదేండ్లు నేర్చినను రాని విద్య ఒకటి రెండేండ్లలో అలవడునని ఆయన చెప్పెను. ఇసిడోరు అసాధ్యమన్నది ఇట్లు సాధ్యమయ్యెను.

కాని వ్రాత యున్నంతమాత్రమున రక్షణ లేదు. 1547లో గ్లారియానస్ మార్గములను పండ్రెండుగ పెంచెను. పిమ్మట మేజర్, మైనర్ అను రెండు పంక్తులే సంగీతము నాక్రమించెను. 1614-15లో రోమున వెలువడిన ముద్రణమున సంపాదకులు దీర్ఘసంచారములను కత్తిరించి, పాతపాటలను తమ కాలపు అభిరుచికి దిద్దిరి. మూలరూపము మఱుగుపడెను.

1847లో ఫ్రాన్సునందలి మోంపెలియె వైద్యవిద్యాలయ గ్రంథాలయమున, దాంజూ అను సంగీతజ్ఞుడు పదునొకండవ శతాబ్దపు ప్రతి నొకదానిని కనుగొనెను. అందు పాటలు మార్గముల వారీగ కూర్పబడి, ప్రాచీన సంకేతములతోను అక్షరస్వరములతోను రెండు విధముల వ్రాయబడియుండెను. సంకేతముల మర్మము తెలియుటకు అది తాళపుచెవి యయ్యెను. సొలెం మఠపు సన్న్యాసులు అనేక ప్రాచీన ప్రతులను పోల్చి, 1889 నుండి వాని ఛాయాచిత్రములను ప్రకటించిరి. పదవ పయస్ పోపు 1903లో ఈ గానమును పునరుద్ధరింప నాజ్ఞాపింపగా, 1908లో సంస్కృతపాఠము వెలువడెను.

1963లో రెండవ వాటికన్ మహాసభ ఈ గానమునకు అగ్రస్థానమొసగెను, దేశభాషలకును తావిచ్చెను. దేశభాషలే ప్రబలి, అనేక దేవాలయములలో లాటిను గానము అరుదయ్యెను. అయినను అది నేర్వగోరువారికి నేడు మార్గము మూసుకొనిపోలేదు. నాలుకలు మఱచిన దానిని ఒక గ్రంథాలయపు అర దాచియుంచెను. ఏ పుస్తకము ఎవరి కెన్నడు తాళపుచెవి యగునో ముందుగ తెలియదు గనుకనే, అన్నిటిని భద్రపఱచుట గ్రంథాలయధర్మమైనది.