తుప్పు చెప్పే సాక్ష్యం

మూలపేట తీరాన ఇనుప వస్తువులకు ఆయుష్షు తక్కువ. నౌపడ ఉప్పు మళ్ళ మీదుగా వీచే గాలి తలుపు గొళ్ళాన్నీ, బావి గిలకనూ, గునపాన్నీ ఒక్కతీరుగానే కొరికివేస్తుంది. అందుచేత ఉద్దానపు గృహస్థునకు తుప్పు శత్రువు. కనబడినచోట దానిని గీకివేయడమే ఆయన ఎరిగిన పద్ధతి. అట్టివారితో, ఒకానొక వస్తువు మీద తుప్పును గీకినట్లయితే దాని విలువ పోతుందని చెబితే వినడానికి వింతగా ఉండవచ్చును. కాని జపాను దేశపు ప్రాచీన ఖడ్గాల విషయంలో ఇది నిజం.

జపాను కత్తికీ మన తీరానికీ సంబంధమేమిటని శ్రోతలు అడుగవచ్చును. ఆ సంబంధం రంగూను మీదుగా వచ్చినది. శ్రీకాకుళం ప్రాంతం నుండి ఎన్నో కుటుంబాలు పొట్ట చేతబట్టుకొని బర్మాకు వెళ్ళినవి. రంగూను రేవులోనూ, బియ్యపు మిల్లులలోనూ మనవారి రెక్కల కష్టం కలిసి ఉన్నది. 1941 డిసెంబరు 23వ తేదీన ఆ నగరం మీద జపాను బాంబులు పడినవి. 1942 మార్చి 8న నగరం వారి వశమైనది. లక్షలాది భారతీయులు బర్మాను విడిచి బయలుదేరారు. అడవులలో, కొండదారులలో నడిచి వచ్చినవారు అనేకులు. దారిలోనే రాలిపోయినవారూ అనేకులు. ఆ సంవత్సరం ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడినవి. ఆ తరంవారి మనస్సులో జపాను సైన్యాధికారి నడుమున వేలాడిన ఖడ్గం భయానికి గుర్తుగా మిగిలినది.

1945లో యుద్ధం ముగిసినది. ఆగ్నేయాసియాలో మిత్రపక్షాల సర్వసేనానిగా ఉన్న మౌంట్‌బాటెన్, లొంగిపోయిన జపాను అధికారులు తమ ఖడ్గాలను స్వహస్తాలతో అప్పగించవలెనని పట్టుబట్టాడు. ఆ విధంగా చేతులు మారిన కత్తులు యుద్ధ జ్ఞాపికలై నానా దేశాల ఇండ్లకు చేరినవి.

అటువంటి ఖడ్గం ఒకటి మన ముందు ఉన్నదనుకుందాము. దాని విలువ కట్టడమెట్లా? పైకి కనిపించే ఒర, పిడి చూచి నిర్ణయించరాదు. సైన్యానికి సరఫరా అయిన కత్తులలో ఎక్కువ భాగం ఇరవయ్యవ శతాబ్దంలో రాశిగా తయారైనవే. ఐతే కొందరు అధికారులు తాతముత్తాతల నాటి అలుగుకు సైనికుల ఒరను తొడిగించి యుద్ధానికి తెచ్చుకున్నారు. బీద ఒరలో ఘనమైన అలుగు ఉండవచ్చు. వెండిబంగారపు పనితనం గల ఒరలో సామాన్యమైనది ఉండవచ్చు. అలుగు ఒక కమ్మరిది, అలంకారాలు వేరొక పనివానివి. కాలం కూడా వేరు కావచ్చును. కనుక రెండింటినీ విడివిడిగానే పరీక్షించాలి.

పరీక్షకు ఒక వరుస ఉన్నది. ముందు అలుగు వంపునూ, పొడవునూ, కొన తీరునూ చూస్తారు. పిమ్మట లోహపు పొరలను చూస్తారు. ఇసుక రూపంలో దొరికే ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కాచి తీసిన ఉక్కును కమ్మరి పలుమార్లు మడచి సాగగొడతాడు. ఆ మడతల వల్ల కట్టెలోని చారలవంటి ఆకృతి ఏర్పడుతుంది. ఆ తరువాత చూడవలసినది హామోన్ అనే రేఖ. కమ్మరి అలుగు వీపున మట్టిని మందంగా, అంచున పలుచగా పూసి, ఎర్రగా కాల్చి నీట ముంచుతాడు. అంచు త్వరగా చల్లారి గట్టిపడుతుంది, వీపు మెత్తగా నిలుస్తుంది. ఆ రెండింటి సరిహద్దే హామోన్. చేయి తిరిగిన పరీక్షకునికి అది దస్తూరీ వంటిది.

చివరకు పిడిలోని వెదురు చీలను తీసి పిడిని ఊడదీస్తారు. లోపల దాగిన కాడను నకాగో అంటారు. కమ్మరి తన పేరు చెక్కేది దాని మీదనే. ఐతే పేరును బట్టి తీర్పు చెప్పడం ప్రమాదం. ప్రసిద్ధుల పేర్లను ఇతరుల కత్తుల మీద చెక్కి అమ్మినవారు ఆ దేశంలో తక్కువవారు కారు. అందుకనే విద్యార్థులకు కాడను కప్పి ఉంచి, అలుగును మాత్రమే చూపి, ఎవరి పని అని అడుగుతారు. హోనామి వంశంవారు తరతరాలుగా ఈ విద్యతోనే జీవించారు. షోగన్ యోషిమునే ఆజ్ఞపై ప్రసిద్ధ ఖడ్గాల పట్టికను 1719లో సమర్పించినది వారే.

పేరు అబద్ధమాడవచ్చును గాని తుప్పు అంత సులభంగా ఆడదు. శతాబ్దాల తుప్పు కాడ మీద నల్లగా, సమంగా కమ్ముకొని ఉంటుంది. నిన్నటిది ఎర్రగా పొడి రాలుతుంది. పాత కాడ మీద కొత్తగా పేరు చెక్కితే ఆ గీతలలోని తుప్పు చుట్టుపక్కల తుప్పుతో కలవదు. తెలియనివాడు శుభ్రం చేస్తున్నాననుకొని కాడను రుద్దితే ఆ సాక్ష్యమంతా ఒక్క పూటలో చెరిగిపోతుంది. అలుగు మీద తుప్పు పడితే దాని మాట వేరు. దానిని తొలగించవలసినదే, కాని ఆ పని శిక్షణ పొందిన సానవానిది, మనది కాదు.

అలంకారాల చరిత్ర మరొక విధమైనది. అలుగుకూ పిడికీ నడుమ ఉండే బిళ్ళను త్సుబా అంటారు. అరచేతిలో ఇమిడే ఆ లోహపు ముక్క మీద కొంగలు, అలలు, పువ్వులు చెక్కారు. 1876లో జపాను ప్రభుత్వం సామాన్యంగా ఖడ్గం ధరించడాన్ని నిషేధించినది. దానితో వేలాది పనివాండ్ర జీవనాధారం పోయినది. కానో నత్సువో వంటి మేటి శిల్పి నాణేల టంకశాలకు నమూనాలు చెక్కాడు. త్సుబాలు అలుగుల నుండి విడిపోయి ఐరోపా, అమెరికా సంగ్రాహకుల పెట్టెలకు చేరినవి.

1945లో రెండవ గండం వచ్చినది. ఆయుధాలన్నిటినీ అప్పగించవలెనని ఆక్రమణ సైన్యం ఆజ్ఞాపించినది. హోమ్మా జుంజి మొదలైన పండితులు కళాఖండాలను ఆయుధాల నుండి వేరు చేయవలెనని వాదించి మెప్పించారు. అట్టి ఖడ్గాల పరిరక్షణకు 1948లో ఒక సంఘం ఏర్పడినది. 1977లో ఆ సంఘమే షిమానే ప్రాంతంలో పాత పద్ధతి కొలిమిని తిరిగి వెలిగించినది.

ఖడ్గవిద్య మనకు కొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మూసలలో కరిగించిన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చేవారని వాయిసీ వ్రాసిన వర్ణన 1832లో అచ్చయినది. ఆ ఉక్కుకు పాశ్చాత్యులు పెట్టిన పేరు మన ‘ఉక్కు’ మాట నుండే పుట్టినదని పండితుల అభిప్రాయం. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో మన ఆయుధాలతోబాటు జపాను ఖడ్గాలు కూడా ఉన్నవి. రెండు దేశాల ఉక్కునూ ఒకే కప్పు కింద చూడదలచినవారు అక్కడికి వెళ్ళవచ్చును.

బర్మా దారిని నడిచి వచ్చినవారి బిడ్డలు ఒక ప్రశ్న వేయవచ్చును: మా పెద్దలను తరిమిన కత్తిని మేమెందుకు మెచ్చుకోవాలి? న్యాయమైన ప్రశ్నే. విలువ కట్టడమంటే మెచ్చుకోవడం కాదు. ఏది ఎప్పటిది, ఎవరి చేతి పని, ఎవరి చేతిలో ఏమి చేసినది అని ఉన్నదున్నట్లు చెప్పడమే. కమ్మరి నేర్పును చెప్పి సైనికుని క్రౌర్యాన్ని దాచినా, క్రౌర్యాన్ని చెప్పి నేర్పును కాదన్నా, అది కాడను రుద్దివేసినట్లే అవుతుంది.

టెక్కలి తామ్రశాసనాల వల్లనే ఈ కళింగభూమిని ఏలిన రాజుల పేర్లు కొన్ని మనకు తెలిసినవి. రేపు పొలంలో నాగలికి రాగిరేకు తగిలినా, అటక మీద తాతగారి కత్తి బయటపడినా, చింతపండు, ఇసుక పట్టుకొని తోమడానికి కూర్చోకండి. ముందుగా తెలిసినవారికి చూపండి. ఆ మురికి కిందనే మన చరిత్ర ఉన్నదేమో!